పులిపిరి ఎవరి మందుకు పోయింది?

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎండాకాలం నీళ్ల ట్యాంకర్ల లెక్కల మీద తప్ప ఇంకో విషయం మీద అంత వేడిగా మాటలు నడవవు. ఈమధ్య పులిపిర్ల మీద నడిచాయి. మూడో అంతస్తులో ఉండే ఒకావిడ, వాళ్లబ్బాయి వేళ్ల మీద పులిపిర్లు లేచాయని, స్కూల్లో పక్కన కూర్చునేవాళ్లు ‘నన్ను ముట్టుకోకు’ అంటున్నారని, ఇంట్లో చేసుకునే వైద్యం ఏదైనా ఉంటే చెప్పమని అడిగింది. టిఫిన్ల వేళకు మొదలైన సలహాలు రాత్రి భోజనాల దాకా వస్తూనే ఉన్నాయి. వెల్లుల్లి నూరి కట్టు కట్టమ్మా అని ఒక పెద్దాయన. సున్నంలో చాకలి సోడా కలిపి అగ్గిపుల్లతో చుక్క పెట్టమని ఇంకొకరు. జిల్లేడు పాలు, నల్లజీడి, గుర్రపు వెంట్రుక. కూతురు అమెరికాలో ఉన్న ఆంటీ ఆపిల్ సైడర్ వెనిగర్‌లో దూది ముంచి కట్టమన్నారు. హోమియో అంటే ప్రాణం పెట్టే ఒకాయన తూజా ఉండగా ఇవన్నీ ఎందుకన్నాడు. తమిళనాడులోని వైదీశ్వరన్ కోయిల్‌కి ఉప్పు, మిరియాలు మొక్కుకోమని ఇంకొకరు.

ప్రతి సలహా చివరా ఒకటే మాట: ‘మా తమ్ముడికి దీంతోనే పోయాయి’, ‘మా పాపకి దీంతోనే పోయాయి’. ఇవి అబద్ధాలని నేను అనుకోవడం లేదు. అందరికీ పోయే ఉంటాయి. అసలు చిక్కంతా అక్కడే ఉంది. వెల్లుల్లికి పోయి, సున్నానికి పోయి, చక్కెర గుళికలకు పోయి, మొక్కుకు కూడా పోయిందంటే, వీటన్నిటిలో ఉన్న ఉమ్మడి మందు ఏమిటి? నా లెక్కలో అది కాలం. ఎవరు ఏ వైద్యం చేసినా మధ్యలో నాలుగైదు నెలలో, ఏడాదో గడిచి ఉంటుంది. ఆ కాలం చేసిన పనికి పేరు మాత్రం వంటింటి డబ్బాకు వెళ్లింది.

పులిపిరి ఒక వైరస్ పని. హ్యూమన్ పాపిలోమా వైరస్ అంటారు, హెచ్‌పీవీ. ఇందులో 200కు పైగా రకాలున్నాయి. చేతి వేళ్ల మీద గరుకుగా లేచేవాటికి ఎక్కువగా 2, 4, 27, 57 రకాలు కారణం. అరికాలిలో లోపలికి నొక్కుకుపోయి నడిస్తే గుచ్చుకునేవాటిలో 1వ రకం తరచుగా కనిపిస్తుంది. ముఖం మీద చదునుగా, చర్మం రంగులోనే గుంపుగా వచ్చేవి 3, 10 రకాలవి. పులిపిరి అంటువ్యాధి అని 1907లోనే ఇటలీలో చుఫో అనే వైద్యుడు తేల్చాడు. పులిపిరిని నూరి, కణాలేవీ పోనంత సన్నటి వడపోతలో వడకట్టి, ఆ ద్రవాన్ని చర్మంలోకి ఎక్కిస్తే మళ్లీ పులిపిరే లేచింది. అంటే ఇది ఒంట్లో వేడి చేయడం వల్ల వచ్చేది కాదు, కప్పను పట్టుకుంటే వచ్చేదీ కాదు. చర్మం మీద కంటికి కనబడని గీత ఉంటే చాలు, వైరస్ అక్కడి నుంచి లోపలి పొరలోకి చేరుతుంది. చేరిన వెంటనే ఏమీ కనిపించదు. వారాలు, ఒక్కోసారి నెలల తర్వాత పైకి లేస్తుంది. అందుకే ఎక్కడ అంటిందో ఎవరూ ఖచ్చితంగా చెప్పలేరు, ఎవరినో ఒకరిని అనుమానించడం తప్ప.

ఈ వైరస్ రక్తంలోకి దిగదు. చర్మం పైపొరల్లోనే కాపురం ఉంటుంది కాబట్టి ఒంట్లోని రక్షణ వ్యవస్థ దాన్ని చాలాకాలం గుర్తుపట్టదు. గుర్తుపట్టిన రోజు నుంచి పులిపిరి ఎండిపోవడం మొదలవుతుంది. చాలామందికి ఒక్కదానితో ఆగకుండా ఉన్నవన్నీ వరసగా రాలిపోతాయి. ‘ఒకదానికి మందు పెడితే అన్నీ పోయాయి’ అనే అద్భుతం వెనక ఉన్నది ఇదే. నెదర్లాండ్స్‌లో ప్రైమరీ స్కూలు పిల్లలను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, పులిపిర్లు ఉన్న పిల్లల్లో సగం మందికి ఏడాదిలోగా అన్నీ పోయాయి. రెండేళ్లలో మూడింట రెండు వంతుల పిల్లలకు పోతాయని చర్మవైద్య పుస్తకాలు చాలాకాలంగా చెబుతున్నాయి. పెద్దవాళ్లకు ఆలస్యమవుతుంది. తెలంగాణ పల్లెల్లో వానలు ఆలస్యమైన ఏడాది కప్పతల్లి ఆట ఆడతారు. ఆడాక వాన ఎప్పుడో ఒకప్పుడు పడక మానదు. పులిపిరి మందుల కీర్తి కూడా చాలావరకు ఆ లెక్కలోదే.

జ్యూరిక్‌లో బ్రూనో బ్లాక్ అనే చర్మవైద్యుడి కథ నాకు భలే ఇష్టం. ఆయన మోత చేసే మోటారు, వెలిగే దీపాలు పెట్టి ఒక ఉత్తుత్తి యంత్రం తయారు చేశాడు. పులిపిర్లున్న చేతిని దాని మీద పెట్టించి, ఇందులోంచి వచ్చే కిరణాలు వాటిని చంపేస్తాయని చెప్పేవాడు. తర్వాత గాఢమైన రంగు పూసి, పోయేదాకా ముట్టుకోవద్దని పంపేవాడు. చాలామందికి పోయాయి. ఆ వివరాలు 1927లో ప్రచురించాడు కూడా. మోటారు మోతకు, రంగుకు వైరస్‌ను చంపే శక్తి లేదు. ఆ యంత్రమే ఇప్పుడు మన దగ్గర ఉంటే దాని ముందు ఎంత క్యూ ఉండేదో ఊహించుకోవచ్చు. తూజా విషయం కూడా ఇలాగే. హైదరాబాద్‌లో హోమియోకు ఉన్న ఆదరణ తెలిసిందే, రామంతపూర్‌లో ప్రభుత్వ హోమియో కాలేజీయే ఉంది. కానీ అరికాలి పులిపిర్ల మీద కెనడాలో హోమియో మందును, మందులేని ఉత్త గుళికలను పక్కపక్కన పెట్టి చూసి 1992లో వెలువరించిన పరీక్షలో రెండింటికీ తేడా కనిపించలేదు.

ఇంతవరకూ వచ్చాక కొందరు అడుగుతారు, ‘సరే, పోవడమే కదా కావాల్సింది, దేనికి పోతే ఏం?’ అని. మొక్కు విషయంలో, తూజా గుళికల విషయంలో నేనూ అదే అంటాను. కలబంద గుజ్జు, ఆముదం, పసుపు, అరటితొక్క లోపలి వైపు రుద్దడం లాంటివాటి జోలికీ నేను పోను. ఇవి వైరస్‌ను ఏమీ చేయవు, చర్మానికీ సాధారణంగా పెద్ద కీడు చేయవు. ఊరికే కూర్చోలేని ఇంట్లోవాళ్లకు ఏదో చేస్తున్నామన్న తృప్తి ఉంటుంది. నా గొడవ రెండో రకం వైద్యాలతో. దానంతటదే పోయే అవకాశం ఇంత ఉన్న జబ్బుకు మందు ఎంచుకునేటప్పుడు ‘దీంతో పోతుందా’ అని అడిగితే అన్ని మందులకూ అవుననే జవాబు వస్తుంది. ‘దీంతో పోకపోతే చర్మం మీద ఏం మిగులుతుంది’ అని అడిగితే మాత్రం మందులన్నీ రెండు కుప్పలుగా విడిపోతాయి.

రెండో కుప్పలో మొదటి పేరు సున్నం, సోడా. మా వైపు ఇళ్లల్లో దీన్ని పెద్ద విద్యలా చేస్తారు. తమలపాకు సున్నం కొంచెం, చాకలి సోడా కొంచెం, రెండు చుక్కల నీళ్లు. ఇందులో జరిగేది ఇంటర్ కెమిస్ట్రీ. తడి సున్నం, చాకలి సోడా కలిస్తే ఒకవైపు సుద్ద, ఇంకోవైపు కాస్టిక్ సోడా తయారవుతాయి. వంటసోడా కలిపినా కాస్టిక్ సోడా పుడుతుంది. మూసుకుపోయిన డ్రైనేజీ పైపుల్లో పోసే పొడిలో ఉండేది కూడా ఇదే. చుక్క పెట్టాక పులిపిరి నల్లబడి ఊడుతుంది, నిజమే. క్షారం ఒకచోట ఆగదు, మాంసాన్ని కరిగిస్తూ లోపలికి దిగుతూ పోతుంది. ఆమ్లంతో కాలితే వెంటనే మంట తెలిసి కడుక్కుంటాం. క్షారం మంట తెలిసేసరికే పని లోతుగా జరిగి ఉంటుంది. మా పిన్ని పెళ్లికి ముందు గడ్డం కింద ఉన్న పులిపిరికి ఇలాగే చుక్క పెట్టించుకుంది. పులిపిరి పోయింది. ఆ చోట గుంట పడి, చుట్టూ తెల్లమచ్చ నిలిచిపోయింది. మన చర్మానికి కాలినచోట తెల్లబడటమో, నల్లబడటమో, కొందరికి గడ్డలా పెరగడమో ఉంటుంది. ఏడాదిలో పోయేదాన్ని వారంలో పోగొట్టుకుని జన్మంతా ఉండే మచ్చ తెచ్చుకోవడం ఏం బేరం?

‘సుశ్రుతుడే క్షారం పెట్టమన్నాడు’ అనే వాదన దీనికి తోడు వస్తుంది. అన్నాడు. చర్మకీలం అని ఆయుర్వేదం చెప్పేవాటిని శస్త్రంతో కోసి, క్షారంతోనో అగ్నితోనో కాల్చమన్నాడు. అంటే ఇవాళ స్కిన్ డాక్టర్ కరెంటు సూదితో చేసే పనికి పూర్వరూపం. సున్నితమైన సహజ వైద్యం కాదది, శస్త్రచికిత్సే. అయితే ఆయన క్షారాన్ని మృదువు, మధ్యమం, తీక్షణం అని మూడు బలాలుగా విడగొట్టాడు. నూరు మాటలు పలికేంత సేపే ఉంచమన్నాడు. నల్లబడటం సరిగ్గా కాలిందనడానికి గుర్తు అన్నాడు. తర్వాత పుల్లటి గంజితో కడిగి ఆ వేగాన్ని ఆపమన్నాడు. ఎక్కువ కాలితే ఏమవుతుందో, ఎవరికి వాడకూడదో కూడా రాశాడు. బలం, సమయం, విరుగుడు, నిషేధం అన్నీ ఉన్న ఆ పద్ధతిలోంచి మన వాట్సాప్ దాకా చేరింది ‘సున్నం పెట్టు’ అన్న రెండు ముక్కలే. ఆయుర్వేదం మీద గౌరవం ఉన్నవాళ్లు చదువుకున్న వైద్యుడి దగ్గర క్షారకర్మ చేయించుకోవాలి గానీ అగ్గిపుల్లతో కాదు. (ఇంట్లో సున్నం పడి చర్మం కాలితే నిమ్మరసం పిండకండి, చాలాసేపు కుళాయి ధార కింద పెట్టి కడగండి.)

నల్లజీడి దీని కంటే మొండిది. చాకలివాళ్లు బట్టల మీద గుర్తు పెట్టడానికి వాడిన నల్లటి రసం ఈ కాయదే. ఉతికినా పోదు. చర్మానికి తగిలితే కొందరికి బొబ్బలెక్కి, పూసిన చోటే కాకుండా మొహం, మెడ, చేతులు దద్దురెక్కిపోతాయి. ఇది కాలడం మాత్రమే కాదు, అలర్జీ కూడా. ఎవరికి పడదో ముందు తెలిసే దారి లేదు. జిల్లేడు పాలు ఖాళీ ప్లాట్ల పక్కన ఉచితంగా దొరుకుతాయి కాబట్టి అందరూ తేలిక మందు అనుకుంటారు. పులిపిరి మీద ఎంత పనిచేస్తాయన్నది పక్కన పెట్టండి, అవి కంట్లో పడటమే అసలు ప్రమాదం. ఆకు తుంచిన వేలితో కన్ను నలుపుకుంటే చాలు, నల్లగుడ్డు మీది పారదర్శక పొర ఉబ్బి చూపు మసకబారుతుంది. పెద్దగా నొప్పి ఉండకపోవడంతో ‘అదే తగ్గుతుందిలే’ అని ఊరుకుంటారు. అలా ఊరుకోకూడదు. వెంటనే నీళ్లతో కడిగి ఆ రోజే కంటి డాక్టరుకు చూపించాలి. వెల్లుల్లి గురించి చెబితే మా ఇంట్లోనే కోపాలు వస్తాయి. పప్పులో వెల్లుల్లి వేరు, నూరి రాత్రంతా కట్టు కింద బిగించిన వెల్లుల్లి వేరు. రెండోది చర్మాన్ని కాల్చి బొబ్బలు తెప్పిస్తుంది, పిల్లల చర్మాన్ని మరీ త్వరగా. వెనిగర్ కట్లతో చర్మం కాలిన పిల్లల ఉదంతాలు కూడా వైద్య పత్రికల్లో ఉన్నాయి. చెట్టు నుంచి వచ్చిందా, ఫ్యాక్టరీ నుంచి వచ్చిందా అని చర్మం అడగదు. ఎంత ఘాటు, ఎంత సేపు అన్నదే దానికి పట్టింపు.

గుర్రపు వెంట్రుక విషయం కొంచెం వేరు. బ్లేడుతో కోసే ధైర్యం లేనివాళ్లు తల వెంట్రుకో, గుర్రపు తోక వెంట్రుకో పులిపిరి మొదట్లో బిగించి ముడేస్తారు. రక్తం అందక నల్లబడి రాలిపోతుంది. ఇది పనిచేస్తుంది కూడా. కానీ ఇది పనిచేసేది సన్నటి కాడతో మెత్తగా వేలాడే తోలు తిత్తులకు. మెడ మీద, చంకల్లో, కనురెప్పల మీద వచ్చే అవి వైరస్ పులిపిర్లు కావు. వాటినీ వీటినీ మనం ఒకే గాటన కట్టి పిలుస్తాం కాబట్టి వెంట్రుక గెలిచిన కథ వేలి మీది గరుకు పులిపిరి దాకా పాకింది. దానికి కాడ ఉండదు, కట్టడానికి చోటే లేదు. కాడ ఉన్నవాటికైనా ముడి సరిగ్గా పడకపోతే ఊరికే వాచి, చీము పట్టి, అప్పుడు డాక్టర్ దగ్గరకు పరుగు.

మెడ చుట్టూ ఇలాంటి తిత్తులు గుంపుగా లేచి, చర్మం ముదురు రంగులో మందంగా, వెల్వెట్ గుడ్డలా మారితే మాత్రం పులిపిరి మందుల వైపు చూడకుండా ముందు షుగర్ టెస్ట్ చేయించుకోవడం మంచిది. ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయనివాళ్లలో, బరువు పెరిగినవాళ్లలో ఇవి ఎక్కువ. కుర్చీలోంచి లేవని ఉద్యోగాలు, అర్ధరాత్రి బిర్యానీలు ఉన్న ఈ ఊళ్లో ఎంతమంది మెడ మీది తిత్తుల్ని వెంట్రుకతో కట్టుకుంటూ షుగర్ సంగతి మర్చిపోతున్నారో అని నాకు టెన్షన్.

పోలికల్లో మోసపోయేది ఇక్కడొక్కచోటే కాదు. అరికాలిలో ఉన్నది ఆనెకాయో పులిపిరో తెలియక ఏళ్ల తరబడి ఆనెకాయ ప్లాస్టర్లు వేసుకునేవాళ్లుంటారు. రెండు పక్కల నుంచి వేళ్లతో నొక్కితే ఎక్కువ నొప్పి పుట్టేది సాధారణంగా పులిపిరి, పై నుంచి నేరుగా నొక్కితే పుట్టేది ఆనెకాయ. పులిపిరి ఉన్నచోట అరికాలి గీతలు ఆగిపోయి పక్కకు తిరుగుతాయి. పైచర్మం గీకితే లోపల నల్లటి చుక్కలు కనిపిస్తాయి. జనం వాటిని వేర్లు అంటారు, బ్లేడు పెట్టి ‘వేరుతో సహా’ తవ్వుతారు. అవి వేర్లు కావు, గడ్డకట్టిన సన్నటి రక్తనాళాలు. పులిపిరికి వేరంటూ లేదు. తవ్విన కొద్దీ గాయం పెద్దదై, ఆ గాయం అంచుల్లోకి వైరస్ ఇంకా పాకుతుంది. మన దేశంలో ఇంకో జాగ్రత్త కూడా కావాలి. పాదం, మోకాలు, పిరుదు మీద పులిపిరిలా గరుకుగా మొదలై, నొప్పి లేకుండా నెలల తరబడి ఒక పక్కకు విస్తరించే మచ్చ చర్మపు క్షయ కావచ్చు. దాని మీద ఆరునెలలు వెల్లుల్లి రుద్దితే పోయేది ఆ ఆరునెలలే. నలభై దాటాక కొత్తగా లేచి త్వరత్వరగా పెరిగేది, రంగు మారేది, రక్తం కారేది ఏదైనా అంతే, చూపించుకున్నాకే మందు. మర్మాంగాల దగ్గర వచ్చినవాటికి ఇంటి వైద్యం అన్న మాటే వద్దు. అవి వేరే రకాలవి, భార్యాభర్తలిద్దరూ చూపించుకోవాలి. సిగ్గుపడి మెడికల్ షాపులో చెవిలో చెప్పి తెచ్చుకునే మందుల కంటే ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో చర్మ, సుఖవ్యాధుల విభాగంలో ఓపీ చీటీ రాయించుకోవడం వెయ్యి రెట్లు నయం.

మరి ఇంట్లో చేసుకోదగ్గ వైద్యం లేదా అంటే, ఉంది. అది వంటింట్లో లేదు, మెడికల్ షాపులో ఉంది. సాలిసిలిక్ ఆమ్లం. పులిపిర్ల మీద జరిగిన పరీక్షలన్నిటినీ కలిపి చూసిన సమీక్షల్లో ఇంటి దగ్గర వాడుకునేవాటిలో కాస్త నమ్మదగ్గ ఆధారం దొరికింది దీనికే. అది కూడా అద్భుతమేమీ కాదు, ఒక మోస్తరు. ‘కెమికల్ వద్దు, సహజంగా ఏదైనా చెప్పండి’ అనేవాళ్లకు ఒక మాట. దీని మూలం విల్లో చెట్టు బెరడు. ఇప్పుడు ఫ్యాక్టరీలో చేస్తారు కాబట్టి సీసా మీద శాతం రాసి ఉంటుంది, అదే దాని గొప్ప. మన దగ్గర సాలిసిలిక్, లాక్టిక్ ఆమ్లాలు చెరో 16.7 శాతం కలిపి, ఆరాక పొరలా అంటుకునే ద్రవంగా దొరుకుతుంది.

వాడే తీరులోనే అంతా ఉంది, చాలామంది ఇక్కడే ఓడిపోతారు. రాత్రి పడుకునే ముందు పులిపిరిని ఐదు పది నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో నాననిచ్చి, తెల్లబడిన పైచర్మాన్ని గోళ్లు రుద్దుకునే ఫైలుతో మెల్లగా గీకేయాలి. రక్తం వచ్చేదాకా వద్దు. చుట్టూ మంచి చర్మానికి కొంచెం వాజిలిన్ రాసి, మందు చుక్క పులిపిరి మీద మాత్రమే పెట్టి ఆరనివ్వాలి. ఇలా రోజూ, రెండు మూడు నెలలు. పచ్చిపుండులా అయితే నాలుగు రోజులు ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. ఆ ఫైలు మళ్లీ గోళ్లకు వాడొద్దు, ఇంట్లో ఇంకొకరికి అసలే ఇవ్వొద్దు. సీసాలోని ద్రవం నిప్పు త్వరగా అంటుకునేది, స్టవ్ దగ్గర పెట్టొద్దు. ముఖం మీదా, మర్మాంగాల దగ్గరా, పుట్టుమచ్చల మీదా వాడకూడదు. షుగర్ ఉండి కాళ్లలో స్పర్శ తగ్గినవాళ్లు, రక్తప్రసరణ సరిగ్గా లేనివాళ్లు దీన్ని ముట్టుకోవద్దు. వాళ్లకు చిన్న పుండే పెద్ద కథ అవుతుంది. చిన్నపిల్లలకు, గర్భిణులకు డాక్టర్‌ను అడిగాకే.

టేపు అంటించడం గురించి కూడా అడుగుతుంటారు. 2002లో అమెరికాలో ఒక చిన్న అధ్యయనంలో డక్ట్ టేపు అంటించినవాళ్లలో 85 శాతం మందికి, ద్రవ నైట్రోజన్ చలితో పులిపిరిని గడ్డకట్టించే చికిత్స తీసుకున్నవాళ్లలో 60 శాతం మందికి పులిపిర్లు పోయాయి. ప్రపంచమంతా టేపు కొనుక్కుంది. తర్వాత 2006, 2007లో వచ్చిన పరీక్షల్లో ఉత్త పట్టీ కంటే టేపు మెరుగని తేలలేదు. అయినా పిల్లలకు నేను టేపునే సమర్థిస్తాను. చర్మం కాలదు. పైగా కప్పి ఉన్నదాన్ని గిల్లుకోరు, కొరకరు.

రాకుండా చూసుకోవడంలో పెద్ద రహస్యమంటూ లేదు. చర్మం చిట్లకుండా, తడిలో నానిపోకుండా చూసుకోవడమే ప్రధానం. గోళ్లు కొరికే పిల్లలకు గోళ్ల చుట్టూ లేచేది ఆ చిట్లిన చర్మం వల్లే. శానిటైజర్ మీద ఆశ పెట్టుకోకండి, ఈ వైరస్ ఆల్కహాల్‌కు అంత తేలిగ్గా లొంగదు. సబ్బుతో కడిగి తుడుచుకోవడం మేలు. స్విమ్మింగ్ పూల్ దగ్గర, హాస్టల్ బాత్రూముల్లో చెప్పులు వేసుకోవాలి. తువ్వాలు, రేజరు ఎవరివి వాళ్లవే. సెలూన్‌లో కొత్త బ్లేడు వేయించుకోవడం మనకు అలవాటైంది గానీ, బ్యూటీ పార్లర్‌లో కనుబొమ్మలకు థ్రెడింగ్ చేయించుకున్న చోట వరసగా పులిపిర్లు లేచిన సందర్భాలు మన దేశంలోనే చర్మవైద్యులు రాశారు. దారం లాగినప్పుడు పడే సన్నటి గీతలే వాటికి దారి. గడ్డం మీద చదును పులిపిర్లు ఉన్నవాళ్లు కొన్నాళ్లు నున్నగా గీసుకోకుండా ట్రిమ్మర్ వాడటం నయం. లేకపోతే రేజరు వెళ్లిన దారంతా విత్తనాలు చల్లినట్టే.

మటన్, చికెన్ కొట్లలో పనిచేసేవాళ్ల చేతుల మీద పులిపిర్లు ఎక్కువని చాలా దేశాల్లో గమనించారు. వాళ్లలో 7వ రకం ప్రత్యేకంగా కనిపిస్తుంది. ఇది మాంసంలోంచి వచ్చే వైరస్ కాదు, మనుషులదే. పొద్దంతా తడిలో, చలువలో, కత్తిగాట్లతో ఉండే చేతుల్లో దానికి చోటు సులువుగా దొరుకుతుంది. కిలో చికెన్ కొట్టించుకుంటూ ఆ అబ్బాయి వేళ్లు చూసి మొహం చిట్లించేవాళ్లను చూశాను. అతనికి గ్లవ్స్ కొనివ్వాల్సింది యజమాని. మనకు ఆ చికెన్ తినడం వల్ల పులిపిర్లు రావు.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ఇచ్చే హెచ్‌పీవీ టీకా వేయిస్తే చేతి పులిపిర్లు రావు కదా అని కొందరు అడుగుతున్నారు. మన సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసే టీకా 6, 11, 16, 18 రకాల కోసం. చేతి మీదివి వేరే రకాలు. ఆడపిల్లలకు ఆ టీకా తప్పకుండా వేయించండి, కానీ పులిపిర్ల కోసం కాదు.

ఇక నా వాదన మీద వచ్చే గట్టి అభ్యంతరం ఒకటుంది. డాక్టర్ దగ్గరకు వెళ్తే మాత్రం పోతాయా, డబ్బులు పోసి కాల్పించుకున్నవి మళ్లీ రాలేదా అని. వస్తాయి. ఇంటి వైద్యాలను ప్రశ్నించినంత గట్టిగా క్లినిక్ ప్యాకేజీలను కూడా ప్రశ్నించాలి. నెదర్లాండ్స్‌లోనే 2010లో వెలువడిన ఒక పరీక్షలో 13 వారాల తర్వాత చూస్తే, చేతుల మీద మామూలు పులిపిర్లు నైట్రోజన్‌తో గడ్డకట్టించినవాళ్లలో 49 శాతానికి, సాలిసిలిక్ ఆమ్లం వాడినవాళ్లలో 15 శాతానికి, ఏమీ చేయకుండా చూస్తూ ఉన్నవాళ్లలో 8 శాతానికి పోయాయి. చేతులకు గడ్డకట్టించడం స్పష్టంగా మేలు. అరికాళ్లకు వచ్చేసరికి మూడు పద్ధతుల మధ్యా చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే అరికాలి పులిపిరికి కాలు కింద పెట్టలేనంత నొప్పి భరించి సిట్టింగుల మీద సిట్టింగులు చేయించుకునే ముందు ఒకసారి ఆలోచించవచ్చు. ఎన్నో పులిపిర్లు ఉండి, ఏం చేసినా తిరిగి వస్తుంటే, ఒక పులిపిరిలోకి ఎంఎంఆర్ (పిల్లలకు తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసేది) లాంటి టీకా మందు ఎక్కించి ఒంటి రక్షణ వ్యవస్థను తట్టిలేపే పద్ధతిని మన స్కిన్ డాక్టర్లు చాలాకాలంగా చేస్తున్నారు. అది ఫలించినప్పుడు సూది గుచ్చనివి కూడా రాలిపోతాయి.

కాబట్టి క్లినిక్‌లో కౌంటర్ దగ్గర ప్యాకేజీ కాగితం ముందుకు తోస్తే డబ్బు కట్టే ముందు అడగండి: ఇది నిజంగా పులిపిరేనా? ఏ పద్ధతి, ఎన్ని సిట్టింగులు? మళ్లీ వస్తే ఎంత తీసుకుంటారు? మచ్చ పడే అవకాశం ఎంత? ఇప్పుడే తీయించకుండా ఆరునెలలు ఆగితే నష్టమేమైనా ఉందా? మూడో అంతస్తు ఆవిడ ఈ చివరి ప్రశ్న అడిగితే డాక్టర్ నష్టమేమీ లేదన్నాడట. ఇంటికొచ్చి పిల్లాడి వేళ్లకు టేపు వేసింది. గ్రూపులో మాత్రం ఎవరికీ చెప్పొద్దంది, సలహాలు మళ్లీ మొదలవుతాయని.